10 మార్కులు, ఒక చిట్టా: నాజీల నుంచి పారిపోయిన యూదుల సామాను, కాగితాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెర్లిన్ చూడటానికి వచ్చే మనవాళ్ళను యూదు మ్యూజియానికి తీసుకెళ్ళడం కొన్నేళ్ళుగా నాకు అలవాటైపోయింది. ఎవరొచ్చినా అద్దాల వెనకున్న పాస్‌పోర్టులు, తోలు పెట్టెలు, టైపు కొట్టిన కాగితాల దగ్గర ఆగిపోతారు. దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఇంటికి వెళ్ళాక మళ్ళీ వాట్సాప్‌లో అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. 1933 నుంచి 1941 వరకు జర్మనీ, ఆస్ట్రియాల నుంచి బయటపడ్డవాళ్ళ సంగతులే ఇందులో ఉన్నాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## వెళ్ళిపోదామనుకున్నప్పుడు

అంత ప్రమాదం కనిపిస్తుంటే ముందే ఎందుకు వెళ్ళిపోలేదు?

చాలామంది వెళ్ళారు. 1933లో జర్మనీలో యూదులు 5 లక్షల పైచిలుకు, అంటే జనాభాలో ఒక శాతం కూడా లేరు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేనాటికి వాళ్ళలో సుమారు 2 లక్షల 82 వేల మంది దేశం వదిలేశారు. 1938 మార్చిలో జర్మనీ కలిపేసుకున్న ఆస్ట్రియా నుంచి మరో 1 లక్షా 17 వేల మంది వెళ్ళారు. మిగిలినవాళ్ళకు వెళ్ళాలని లేక కాదు, రానిచ్చే దేశం దొరకలేదు. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై సానుభూతి చూపించాయి తప్ప దాదాపు ఏదీ తలుపులు తెరవలేదు. జర్మనీ, ఆస్ట్రియా రెండింటికీ కలిపి అమెరికా ఇచ్చే కోటా ఏడాదికి 27,370. ఆ వరసలో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. వయసు మళ్ళిన తల్లిదండ్రులను వదిలి వెళ్ళలేకపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ బాధ మనవాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

పారిపోయేవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేశారా? నిజమేనా?

నిజమే. ‘దేశం విడిచే పన్ను’ 1931 డిసెంబరులోనే, అంటే హిట్లర్ రాకముందే వచ్చింది. సంక్షోభ కాలంలో ధనవంతులు డబ్బుతో సహా బయటికి పోకుండా ఆపడం అప్పటి ఉద్దేశం. 2 లక్షల రైష్‌మార్కులకు (అప్పటి జర్మనీ డబ్బు) మించి ఆస్తి ఉన్నవాళ్ళు నాలుగో వంతు కట్టాలి. నాజీలు 1934లో ఆ హద్దును 50 వేలకు దించారు. దాంతో ఓ మోస్తరు దుకాణం, సొంతిల్లు ఉన్నవాడు కూడా దాని కిందికి వచ్చాడు. 1932-33లో ఈ పన్ను మీద వచ్చింది సుమారు 10 లక్షల మార్కులు. 1938-39లో 34 కోట్లు దాటింది. బతకనివ్వకుండా తరిమేది వాళ్ళే, పోతుంటే పన్ను పట్టేదీ వాళ్ళే.

పన్ను పోగా మిగిలిన డబ్బు బ్యాంకు ద్వారా పంపుకోవచ్చు కదా?

ఆ డబ్బు ‘అడ్డగించిన ఖాతా’లో పడేది. సొంతదారుడు వెళ్ళిపోయాక దాన్ని విదేశీ కరెన్సీలోకి మార్చుకోవాలంటే ప్రభుత్వ బ్యాంకు కోత పెట్టేది. 1934 జనవరిలో కోత 20 శాతం, అదే ఏడాది ఆగస్టుకు 65, 1938 జూన్‌కు 90, యుద్ధం మొదలైన నెలకు 96 శాతం. నూరు మార్కులు పంపితే నాలుగు మార్కుల విలువ చేతికొచ్చేది. పాలస్తీనాకు వెళ్ళినవాళ్ళకు మాత్రం 1933 నాటి ఒక ఒప్పందం వల్ల కొంత మెరుగైన దారి ఉండేది. వాళ్ళ డబ్బుతో జర్మన్ సరుకులు కొని అక్కడికి ఎగుమతి చేసేవారు. అవి అమ్ముడయ్యాక వచ్చిన సొమ్ములో కొంత వీళ్ళకు అందేది.

అసలు ఏయే కాగితాలు కావాల్సి వచ్చేవి?

రెండు దొంతరలు. మొదటిది బయటికి వెళ్ళడానికి: పాస్‌పోర్టు, పన్ను బాకీలు లేవని పత్రం (మన ‘నో డ్యూస్’ లాంటిది), సామాను చిట్టాకు అనుమతి. రెండోది లోపలికి రానివ్వడానికి. అమెరికా అయితే పుట్టిన తేదీ పత్రం, పోలీసుల నుంచి సత్ప్రవర్తన పత్రం, ఆరోగ్య పరీక్ష, వరస సంఖ్య, ఇవన్నీ కాక అక్కడున్న బంధువో తెలిసినవాళ్ళో ‘వీళ్ళ పోషణ మాది’ అని ఇచ్చే ఆఫిడవిట్. దాన్ని నోటరీ చేయించి ఆరు ప్రతులు పంపాలి. పంపేవాడు తన జీతం, పన్ను కట్టిన రుజువు, బ్యాంకు లెక్క కూడా జతచేయాలి. ఎప్పుడూ మొహం చూడని దూరపు బంధువుకు ఉత్తరం రాసి, అతని బ్యాంకు లెక్క అడగాల్సి వచ్చిందన్నమాట.

కాగితాలన్నిటికీ గడువు ఉండేది. పన్ను పత్రం వచ్చేసరికి వీసా గడువు తీరేది. వీసా మళ్ళీ తెచ్చుకునేసరికి ఓడ టికెట్టు తేదీ దాటిపోయేది. పోలీసుల దగ్గర సత్ప్రవర్తన పత్రం అడగాలంటే ఆ పోలీసుల గుమ్మమే ఎక్కాలి. 1938 నవంబరు 9, 10 తేదీల్లో నాజీ మూకలు యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెడుతుంటే చూస్తూ ఊరుకుని, సుమారు 30 వేల మంది యూదు మగవాళ్ళను నిర్బంధ క్యాంపులకు పట్టుకెళ్ళిన పోలీసులు వాళ్ళే. అలా పట్టుకెళ్ళినవాళ్ళలో చాలామందిని, దేశం వదిలి పోతామని కాగితం చూపించాకే వదిలారు. ఎక్కడెక్కడో నిలబడి ఆ కాగితాలు సంపాదించింది ఎక్కువగా వాళ్ళ భార్యలు. ఈ సంగతి మ్యూజియంలో ఎవరూ అడగరు, నేనే ఆపి చెబుతాను.

పాస్‌పోర్టు మీద ఆ ఎర్ర అక్షరం ఏమిటి?

అది జర్మన్ అక్షరం ‘జె’. జర్మన్‌లో యూదుడు అనే మాటకు మొదటి అక్షరం. 1938 అక్టోబరు 5న యూదుల పాస్‌పోర్టులన్నీ చెల్లవన్నారు, ఈ ముద్ర వేయించుకున్నవే చెల్లుతాయన్నారు. సరిహద్దు దగ్గర శరణార్థిని గుర్తుపట్టి ఆపేయడానికి వీలుగా ఏదైనా గుర్తు ఉండాలని స్విట్జర్లాండ్ పట్టుబట్టాక జరిగిన చర్చల ఫలితం ఇది. ఊరు వదలడానికి తెచ్చుకున్న కాగితమే వేరే ఊళ్ళో అడుగుపెట్టకుండా అడ్డుపడింది.

చాలా పాస్‌పోర్టుల్లో ఇజ్రాయెల్, సారా అనే పేర్లున్నాయి. వీళ్ళంతా ఒకే కుటుంబమా?

కాదు. 1939 జనవరి 1 నుంచి, ప్రభుత్వం ఇచ్చిన ‘యూదు పేర్ల’ జాబితాలో లేని పేరున్న ప్రతి యూదు మగవాడూ తన పేరుకు ఇజ్రాయెల్ అని, ప్రతి ఆడమనిషీ సారా అని తగిలించుకోవాలని ఆజ్ఞ. సంతకంలోనూ రాయాల్సిందే.

పేరున్నవాళ్ళు మాత్రం హాయిగా సామానుతో వెళ్ళిపోయారు కదా?

కొందరికి సాయం అందింది, అంతే. సిగ్మండ్ ఫ్రాయిడ్ 82 ఏళ్ళ వయసులో, 1938 జూన్ 4న వియన్నా వదిలారు. ఆయన శిష్యురాలు, గ్రీసు రాజకుటుంబపు కోడలు అయిన మరీ బోనపార్ట్ సాయంతో పన్ను కట్టారు. 2 వేలకు పైగా పురాతన బొమ్మలు, రోగులు పడుకునే ఆ ప్రసిద్ధ సోఫా లండన్ చేరాయి. ఇప్పుడవి లండన్‌లో ఆయన ఉన్న ఇంట్లోనే మ్యూజియంగా ఉన్నాయి. కానీ వియన్నాలో ఉండిపోయిన ఆయన నలుగురు చెల్లెళ్ళనూ నాజీలు క్యాంపుల్లో పొట్టనబెట్టుకున్నారు. ఐన్‌స్టైన్ 1933లో విదేశంలో ఉండగానే బెర్లిన్ దగ్గర కపుట్‌లోని ఆయన ఇంటిని, బ్యాంకు ఖాతాను లాక్కున్నారు. బెర్లిన్ ఇంట్లోని కాగితాలను ఆయన భార్య మొదటి పెళ్ళి కూతురి భర్త రుడాల్ఫ్ కైజర్ ఫ్రెంచ్ రాయబార కార్యాలయం సాయంతో బయటికి చేర్చాడు.

## సర్దుకునేటప్పుడు

వీళ్ళు కట్టుబట్టలతో పారిపోయారా, లేక ఇల్లంతా సర్దుకుని వెళ్ళారా?

రెండూ జరిగాయి, ఎప్పుడు వెళ్ళారన్నదాన్ని బట్టి. 1938 నవంబరుకు ముందు పియానోలు, పుస్తకాల బీరువాలు, వంటింటి సామాను కూడా పంపించుకున్నవాళ్ళున్నారు. ఆ తర్వాత రోజులు బిగుసుకుపోయాయి. రాత్రికి రాత్రి కొండలు, అడవులు దాటి స్విట్జర్లాండులోకో బెల్జియంలోకో దిగినవాళ్ళ చేతిలో సంచీ కూడా ఉండేది కాదు. డబ్బు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఉన్న మార్కులను వస్తువులుగా మార్చుకోవాలని చూశారు. కుట్టు మిషన్, కెమెరా, టైపు మిషన్, వైద్యుడైతే పరికరాలు. కొత్త ఊళ్ళో అన్నం పెట్టేవి అవే అని ఆశ.

ఆ సామాను చిట్టాలో ఏముంటుంది? చేతిరుమాళ్ళు కూడా ఎందుకు రాశారు?

నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో కళ్ళు పెట్టి చదవాల్సిన కాగితం ఇదే. వెళ్ళేవాళ్ళు ఇంట్లోంచి తీసుకెళ్ళే ప్రతి వస్తువునూ టైపు చేసి, కొన్ని ప్రతులు తీసి, విదేశీ మారకం చూసే కార్యాలయానికి ముందుగానే ఇచ్చుకోవాలి. చిట్టాలో మూడు భాగాలు. 1933కు ముందు కొన్నవి, ఆ తర్వాత కొన్నవి, వెళ్ళడం కోసమే కొత్తగా కొన్నవి. ఎన్ని, ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు అన్నీ రాయాలి. కొత్తవాటి మీద ఇంకో సుంకం. చాలాసార్లు వస్తువు కొన్న ధర ఎంతో సుంకమూ అంతే ఉండేది, ఒక్కోసారి మించిపోయేది. అంటే ఒక కోటుకు రెండుసార్లు డబ్బు కట్టడం. అందుకే చేతిరుమాలు కూడా ఏ భాగంలో పడుతుందన్నది ముఖ్యం. చిట్టాలో లేని వస్తువు పెట్టెలో దొరికితే మొత్తానికే మోసం.

నేను మొదటిసారి చేత్తో పట్టుకుని చూసింది కార్బన్ ప్రతి. ఉల్లిపొర కాగితం మీద ఊదారంగు అక్షరాలు, చివరి పేజీలకు వచ్చేసరికి వెలిసిపోయాయి. దిండుగలీబులు, పిల్లల మేజోళ్ళు, పిండి జల్లెడ, వాడిన బ్రష్షులు. ఒక వరసలో ‘1 బొమ్మ, పాతది’ అని ఉంది. పక్కన ధర గడిలో గీత. అధికారి ఎర్ర పెన్సిలుతో ప్రతి వరస పక్కనా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు, ఆ బొమ్మ పక్కన కూడా. ఆ టిక్కు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక ప్రభుత్వం జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టి, పసిపిల్ల బొమ్మ పాతదో కొత్తదో తేల్చమంది.

సర్దే రోజున కస్టమ్స్ అధికారి ఇంటికొచ్చి ఎదురుగా నిలబడేవాడు. చిట్టా ప్రకారం ఒక్కొక్కటీ పెట్టెలోకి వెళ్ళాక మూత వేసి సీలు కొట్టేవాడు. ఆ అధికారులకు లంచాలిచ్చినవాళ్ళున్నారు. చూసీచూడనట్టు మొహం తిప్పుకున్న అధికారులూ అరుదుగా ఉన్నారు.

బంగారం ఒంటి మీద వేసుకుని వెళ్ళిపోవచ్చు కదా?

మన ఆడవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, సహజమే. 1939 ఫిబ్రవరి 21న వచ్చిన ఆజ్ఞ ప్రకారం యూదులు తమ బంగారం, వెండి, ప్లాటినం, రత్నాలు, ముత్యాలు అన్నీ రెండు వారాల్లో ప్రభుత్వ తాకట్టు కొట్లకు అప్పగించాలి. ఇచ్చింది చాలా కొద్ది సొమ్ము. మిగుల్చుకోవచ్చన్నవి ఇవి: తన పెళ్ళి ఉంగరం, భార్యో భర్తో చనిపోయి ఉంటే వాళ్ళ ఉంగరం, వెండి గడియారం, మనిషికి రెండు జతల చెంచా, కత్తి, ఫోర్కు. ఆ జతకు మించి ఇంకే వెండి ముక్కైనా 40 గ్రాములు దాటకూడదు, మనిషికి అంతా కలిపి 200 గ్రాములు దాటకూడదు. పెట్టుడు పళ్ళలోని బంగారాన్ని వదిలేశారు. శుక్రవారం సాయంత్రం ఇంట్లో వెలిగించే వెండి దీపపు సెమ్మెలు, ప్రార్థనకు వాడే వెండి గిన్నె చాలా ఇళ్ళల్లో అలా పోయాయి. తాతల నాటి దీపం తూకానికి పోవడమంటే ఏమిటో మనకు తెలుసు.

10 మార్కులంటే ఎంత డబ్బు?

మనిషి చేతిలో నగదుగా తీసుకెళ్ళనిచ్చింది అంతే. అప్పటి అధికారిక లెక్కలో సుమారు 4 డాలర్లు.

ఒంటరిగా పంపిన పిల్లల పెట్టెల్లో ఏం పెట్టారు?

1938 డిసెంబరు 2న అలా పంపిన పిల్లల మొదటి బృందం బెర్లిన్ నుంచి ఇంగ్లండులోని హార్విచ్ రేవు చేరింది. యుద్ధం మొదలయ్యేదాకా సుమారు 10 వేల మంది పిల్లలు ఇలా వెళ్ళారు. ఒక చిన్న పెట్టె, అదీ పిల్లే మోయగలిగినంత. విలువైనవి ఏవీ ఉండకూడదు, చేతిలో 10 మార్కులు. మెడలో నంబరు అట్ట, పెట్టెకూ అదే నంబరు. తల్లులు ఒక సైజు పెద్ద బట్టలు పెట్టారు, ఎదుగుతారని. చొక్కాల లోపలి వైపు పేర్లు కుట్టారు. మిగిలిన చోటులో ఫొటో ఆల్బమ్, ప్రార్థన పుస్తకం, ఇష్టమైన బొమ్మ. ఆ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులను మళ్ళీ చూడలేదు.

## దారిలో, రేవుల్లో

కాగితాల్లో ‘లిఫ్ట్’ అని పదే పదే వస్తోంది. మన లిఫ్టేనా?

కాదు. ఇంటి సామాను మొత్తం పట్టే పెద్ద చెక్క పెట్టె. క్రేన్‌తో ఎత్తి ఓడలో పెడతారు కాబట్టి ఆ పేరు. ఇప్పటి కంటైనర్లకు పూర్వరూపం అనుకోండి.

సామాను ముందే రేవుకు పంపారు, పన్నులన్నీ కట్టారు. అయినా ఎందుకు అందలేదు?

1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది, సరుకు ఓడలు ఆగిపోయాయి. హాంబర్గ్, బ్రెమెన్ రేవుల గిడ్డంగుల్లో లిఫ్టులు పేరుకుపోయాయి. సొంతదారులు అప్పటికే న్యూయార్క్‌లోనో, హైఫాలోనో ఉండి అక్కడి నుంచి గిడ్డంగి అద్దె కూడా పంపించారు, ఎప్పటికైనా వస్తుందని. 1941 మొదట్లో గెస్టాపో (నాజీల రహస్య పోలీసులు) ఆ పెట్టెలను స్వాధీనం చేసుకుని వేలం వేయడం మొదలుపెట్టింది. వేలంపాటల ప్రకటనలు పత్రికల్లో పడ్డాయి. ఊళ్ళో మామూలు జనం వచ్చి దుప్పట్లు, కుర్చీలు, కుట్టు మిషన్లు చవగ్గా కొనుక్కుపోయారు. 1941 నవంబరు 25న వచ్చిన ఆజ్ఞతో, విదేశంలో ఉంటున్న యూదుల జర్మన్ పౌరసత్వం, మిగిలిన ఆస్తి రెండూ ఒక్క దెబ్బతో పోయాయి. దోపిడీకి చట్టం తోడైంది. ఇటలీలోని ట్రియెస్టే రేవులో ఆగిపోయిన సామాను కూడా 1943 తర్వాత నాజీల చేతికే చిక్కింది.

ఇది చెప్పినప్పుడల్లా అడుగుతారు, కొన్నవాళ్ళకు తెలియదా అని. పెట్టెల మీద సొంతదారుల పేర్లు, వెళ్ళాల్సిన ఊళ్ళు రాసి ఉండేవి. దుప్పట్ల అంచుల మీద పేరులోని మొదటి అక్షరాలు కుట్టి ఉండేవి. తెలియకుండా ఎలా ఉంటుంది?

హవానా దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన ఓడలో వాళ్ళ దగ్గర కాగితాలు లేవా?

ఉన్నాయి. 1939 మే నెలలో హాంబర్గ్ నుంచి బయల్దేరిన ‘సెయింట్ లూయిస్’ ఓడలో 937 మంది. చాలామంది క్యూబా అధికారి ఒకరు అమ్మిన దిగుడు పత్రాలు డబ్బిచ్చి కొన్నవాళ్ళే. ఓడ బయల్దేరే ముందే క్యూబా ప్రభుత్వం ఆ పత్రాలు చెల్లవంది. దిగనిచ్చింది 28 మందిని. అమెరికా కూడా రానివ్వలేదు. చివరకు బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ పంచుకున్నాయి. వెనక్కి వచ్చినవాళ్ళలో 254 మంది తర్వాత నాజీల చేతుల్లో చనిపోయారు.

## చేరాక

అంత కష్టపడి తెచ్చుకున్న సామాను పనికొచ్చిందా?

కుట్టు మిషన్ పనికొచ్చింది. ఎత్తయిన బెర్లిన్ బీరువా టెల్ అవీవ్ చిన్న గదిలో పట్టలేదు. షాంఘై చేరినవాళ్ళు ఉన్ని కోట్లు, పింగాణీ కప్పులు వీధిలో పెట్టి అమ్ముకుని బియ్యం కొనుక్కున్నారు. డిగ్రీ పత్రాలు చాలామందికి పెట్టెలోనే ఉండిపోయాయి. బ్రిటన్‌కు సుమారు 20 వేల మంది ఆడవాళ్ళు ఇంటిపని వీసా మీద వచ్చారు. పనివాళ్ళను పెట్టుకుని బతికినవాళ్ళు పనివాళ్ళయ్యారు.

మన దేశానికి ఎవరైనా వచ్చారా?

వచ్చారు. బొంబాయిలో 1934లో ఏర్పడిన యూదు సహాయ సంఘం శరణార్థులకు ప్రభుత్వం దగ్గర హామీ పడేది. ఆకాశవాణి ఉదయం ప్రసారాలకు ముందు వచ్చే ఆ సంకేత సంగీతం మన ఇళ్ళల్లో వినని చెవి ఉండదు. దాన్ని కట్టాడని చెప్పే వాల్టర్ కౌఫ్‌మన్ 1934లో ప్రాగ్ వైపు నుంచి బొంబాయి చేరిన యూదు సంగీతకారుడే. బెర్లిన్ వదిలిన ఆర్కిటెక్ట్ ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. యుద్ధం రాగానే బ్రిటిషు ప్రభుత్వం, జర్మన్ పాస్‌పోర్టు ఉందని ఎర్ర ‘జె’ ముద్ర చూశాక కూడా వీళ్ళలో చాలామందిని ‘శత్రుదేశస్థులు’ కింద పట్టి ఉంచింది. విచారణ జరిపి తర్వాత వదిలింది.

యుద్ధకాలపు ఉత్తరాలు ఎందుకంత పొట్టిగా ఉన్నాయి?

అవి రెడ్‌క్రాస్ ఫారాలు. 25 మాటలకు మించకూడదు. ఒక్కోటి చేరడానికి నెలలు పట్టేది. ‘బాగున్నాం, ఇల్లు మారుతున్నాం’ లాంటి మాటల వెనక ఏముందో చదివినవాళ్ళకు అప్పటికి తెలియదు.

పోయిన సామానుకు తర్వాత నష్టపరిహారం ఇచ్చారా?

పశ్చిమ జర్మనీ 1957లో చట్టం చేసింది. అర్జీ పెట్టుకుని, ఏం పోయిందో రుజువు చూపాలి. నాజీల కోసం టైపు చేసిన చిట్టా కార్బన్ ప్రతి దాచుకున్నవాళ్ళకు అదే రుజువైంది. లేనివాళ్ళు జ్ఞాపకం నుంచి రాశారు. హాలులో ఏముంది, అలమరలో ఎడమవైపు ఏముంది అంటూ ఇరవై ఏళ్ళ కిందట వదిలేసిన ఇంట్లో గది గదీ తిరుగుతూ రాసిన పేజీలు దస్త్రాల్లో ఉన్నాయి. కొందరికి డబ్బు వచ్చింది. వస్తువు తిరిగి వచ్చినవాళ్ళు అతి కొద్దిమంది.

## ఇప్పుడు

ఆష్విట్స్‌లో గుట్టగా పోసిన పెట్టెలు వీళ్ళవేనా?

కాదు, దయచేసి ఈ రెండూ కలపకండి. పోలండులో నాజీలు నడిపిన ఆ మరణ క్యాంపులో ఇప్పుడున్న సుమారు 3,800 పెట్టెలు బలవంతంగా రైళ్ళలో తీసుకెళ్ళి చంపినవాళ్ళవి. వాటిలో 2,100 పెట్టెల మీద పేర్లున్నాయి. దేశం వదలడం కుదరనివాళ్ళూ, వదిలి పక్క దేశంలో మళ్ళీ దొరికిపోయినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. 1941 అక్టోబరులో యూదులు దేశం వదలడాన్నే నిషేధించారు. అప్పటి నుంచి పెట్టె సర్దుకోమన్నారంటే అర్థం వేరు.

ఈ కాగితాలు నేను చూడొచ్చా? నాకు జర్మన్ రాదు.

చూడొచ్చు. జర్మనీలోని బాట్ అరోల్సన్‌లో నాజీ బాధితుల పత్రాలు దాచే అరోల్సన్ ఆర్కైవ్స్ కోట్ల పత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. బెర్లిన్ ప్రాంతపు ఆస్తుల దస్త్రాలు 40 వేలకు పైగా పోట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. కుటుంబాలే దాచి ఇచ్చిన ఉత్తరాలు, ఫొటోలు న్యూయార్క్‌లోని లియో బెక్ ఇన్‌స్టిట్యూట్‌లో, లండన్‌లోని వీనర్ లైబ్రరీలో ఉన్నాయి. రేవుల్లో పోయిన లిఫ్టుల వివరాలను బ్రెమర్‌హాఫెన్‌లోని జర్మన్ నౌకా మ్యూజియం ‘లాస్ట్‌లిఫ్ట్’ అనే డేటాబేస్‌గా కూర్చింది. భాష రాకపోయినా చిట్టాలు అర్థమవుతాయి. అంకె, వస్తువు, సంవత్సరం, ధర. నిఘంటువు పక్కన పెట్టుకుంటే చాలు.

పాత సామాన్ల సంతలో పేరు చెక్కిన వెండి చెంచా కొన్నాను. ఇది వాళ్ళదేమో అనిపిస్తోంది, ఏం చేయాలి?

ముందు తోమి మెరుగు పెట్టకండి. ఆనవాళ్ళు చెరిగిపోతాయి. పేరు, వెండి ముద్రలు స్పష్టంగా ఫొటో తీసి, ఎక్కడ ఎవరి దగ్గర కొన్నారో రాసుకోండి. ఆ ఊరి మ్యూజియానికి పంపండి. ఇలాంటి వస్తువుల పూర్వాపరాలు వెతికే నిపుణులు జర్మన్ మ్యూజియాల్లో ఉంటారు.

పిల్లలతో వస్తున్నాం. వాళ్ళకు ఎలా చెప్పాలి?

వచ్చే ముందు రోజు రాత్రి హోటల్లో ఒక పని చేయించండి. వాళ్ళు ఒంటిచేత్తో మోయగలిగిన సంచీ ఇచ్చి, బంగారం, డబ్బు, ఫోను లేకుండా ఏం పెట్టుకుంటారో కాగితం మీద రాయమనండి. మీరు సలహా ఇవ్వొద్దు. తర్వాత ఫ్రీడ్రిష్‌ష్ట్రాసే స్టేషన్ బయటికి తీసుకెళ్ళండి. అక్కడ ఫ్రాంక్ మైస్లర్ చేసిన కంచు విగ్రహాలున్నాయి. ఆయన స్వయంగా డాన్‌జిగ్ (ఇప్పటి పోలండులోని గ్దాన్స్క్) నుంచి అలా రైలెక్కి బతికిన పిల్లవాడు. ఇద్దరు పిల్లలు ఒకవైపు, ఇంగ్లండు దిక్కుగా చూస్తుంటారు. ఐదుగురు రెండోవైపు, క్యాంపుల దిక్కుగా. ఎవరో ఒకరు వాళ్ళ చేతుల్లో పువ్వులు పెట్టి వెళ్తుంటారు. మ్యూజియం కన్నా ముందు ఇక్కడికే రండి. పిల్లలు రాసిన ఆ కాగితం వెంట తెచ్చుకోండి.